అల్లం పానకం సీసాలో గంజిలా చిక్కబడుతోంది, ఏం చేయాలి?

సోడాలోనో, వేడినీళ్లలోనో రెండు చెంచాలు కలుపుకొని తాగడానికి ఇంట్లోనే చిక్కటి అల్లం పానకం చేస్తున్నాను. పావు కిలో ముదురు అల్లం చెక్కు తీసి, గ్లాసు నీళ్లతో మిక్సీలో మెత్తగా తిప్పి, పలుచని బట్టలో పిండుతాను. ఆ రసంలో 400 గ్రాముల పంచదార వేసి, మరిగాక మంట తగ్గించి పది నిమిషాలు ఉంచుతాను. చల్లారాక నాలుగు నిమ్మకాయల రసం కలిపి గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడతాను.

మొదటి రోజు రుచి అద్భుతం. మూడో రోజుకు పానకం జారుడుగా, చిక్కగా మారుతుంది. సోడాలో కలిపితే తెల్లటి పొరలు తేలతాయి. అల్లంలోని పిండిపదార్థమే కారణమని తెలుసు. అందుకే రసాన్ని గంటసేపు కదపకుండా ఉంచి, అడుగున తెల్లగా పేరుకున్నది వదిలేసి పైతేట మాత్రమే వంచాను. చిక్కదనం కొంత తగ్గింది కానీ పోలేదు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి తేర్చినా అంతే. బట్టను నాలుగు మడతలు వేస్తే వడకట్టడానికి పట్టే సమయం పెరిగిందే తప్ప ఫలితం మారలేదు. అసలు మరిగించకుండా పంచదార కరిగించి చూస్తే పానకం పలుచగానే నిలిచింది, కానీ వారానికల్లా పులిసి మూత తీయగానే పొంగింది.

లేత అల్లం వాడమని మాత్రం చెప్పకండి, నాకు ఆ ఘాటు చాలదు. ముదురు అల్లంతోనే, పానకం చిక్కబడకుండా, కనీసం రెండు వారాలు పులియకుండా ఉండాలంటే రసాన్ని ఏ దశలో, ఎంతసేపు వేడి చేయాలి?