28 ఎంఎం ఆటకి ఆరు చక్రాల ట్రూప్ క్యారియర్ కడుతున్నా: కొలతలు, షీటు, జిగురు గురించి సలహా కావాలి

గాజువాక_గేమర్:
అందరికీ నమస్కారం. 28 ఎంఎం స్కేలు చిన్న బొమ్మలతో టేబుల్ మీద ఆడే సైన్స్ ఫిక్షన్ స్కర్మిష్ (చిన్న జట్ల పోరు) ఆట కోసం ట్రూప్ క్యారియర్ (సైనికుల్ని మోసే బండి) మోడల్ ఒకటి సొంతంగా కట్టాలని ప్లాను. పదిమంది పట్టేలా కనిపించాలి, వెనక ర్యాంపు తెరుచుకోవాలి, టరెట్లు (పైన తిరిగే తుపాకీ గూళ్లు) మార్చుకునేలా ఉండాలి. చేతిలో ఉన్నవి: చక్రాల కోసం 1/35 స్కేలు (నిజం బండిలో 35వ వంతు) మిలటరీ లారీ కిట్టు, 1 ఎంఎం, 2 ఎంఎం హిప్స్ (పాలీస్టైరీన్ ప్లాస్టిక్) షీట్లు, 5 ఎంఎం సన్‌బోర్డు (నురుగు పీవీసీ పలక), ప్లాస్టిక్ సిమెంటు (ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే జిగురు), ఫెవిక్విక్, ఎం-సీల్.
బాడీ కొలతలు ఎంత పెట్టాలి? 1/35 చక్రాలు మరీ పెద్దవవుతాయా? ట్రయల్‌గా చేసిన డబ్బాకి పక్క పలకలు పది రోజుల్లో లోపలికి గుంటపడ్డాయి, ఎందుకు? మన వైజాగ్ వానాకాలంలో స్ప్రే ప్రైమర్ (పెయింటు కింద వేసే తొలి పూత) కొట్టొచ్చా?

ట్రాక్‌లింకు:
ముందు తలుపు గీయండి, బండి తర్వాత. బేసు లేకుండా బొమ్మ 32 ఎంఎం ఉంటే ర్యాంపు దారి 37 ఎత్తు, 24 వెడల్పు ఉండాలి. అంటే బాడీ ఎత్తు 45కి తగ్గకూడదు.

28 ఎంఎం స్కేలు అంటే సుమారు 1/56. పేరుకే 28, బొమ్మలు ఇంకాస్త ఎత్తుంటాయి. మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే బీఎంపీ-2 శరత్ అనే సైనిక బండిని చూడండి. పొడవు 6.7 మీటర్లు, వెడల్పు 3.15. 1/56లో అది 120 ఎంఎం, 56 ఎంఎం. అందులో పట్టేది ముగ్గురు సిబ్బంది, ఏడుగురు జవాన్లు. లెక్క ప్రకారం అంతే చాలు, కానీ మన బొమ్మలకి తలలు, చేతులు, భుజాలు లావు. పక్కన నిలబెడితే బండి ఆటోలా కనిపిస్తుంది. 140 పొడవు, 70 వెడల్పు పెట్టండి.

హ్యాచ్ (కప్పు మీద మూతున్న ద్వారం) కూడా అంతే. నిజం హ్యాచ్ 60 సెంటీమీటర్లు, 1/56లో 11 ఎంఎం లోపే. అందులో మన బొమ్మ భుజాలు దూరవు, 15 చేయండి. నిచ్చెన మెట్ల మధ్య మాత్రం 5.5 మించొద్దు. బండి ఎంత పెద్దదో కంటికి చెప్పేవి ఇవే.

1/35 లారీ టైరు 33 ఎంఎం దాకా ఉంటుంది. మన స్కేల్లో అది మనిషంత చక్రం! గనుల్లో తిరిగే బండిలా కావాలంటే అలాగే వదిలేయండి. లేదంటే పై మూడో వంతు మడ్‌గార్డు కింద దాచేయండి. కిట్టులో డోర్ హ్యాండిళ్లు, అద్దాలు, ఫుట్‌బోర్డు మాత్రం వాడొద్దు, అవి 1/35 అని ఇట్టే పట్టించేస్తాయి. టైర్లు మెత్తటి వినైల్‌వి అయితే రిమ్ముకి రెండు కోట్లు పెయింటు వేశాకే ఎక్కించండి. వినైల్లోంచి ఊరే నూనె లాంటి పదార్థం కొన్నాళ్లకి పాలీస్టైరీన్ రిమ్ముని కరిగించేస్తుంది.

ఉప్పుగాలి:
గుంట సంగతి నేను చెప్తాను. లోపల సిమెంటు ధారాళంగా పోసీసి, డబ్బాని అన్ని వైపులా మూసీసి ఉంటారు. ఆవిరి బయటికి పోయే దారి లేదు, లోపలే తిరిగి పలకని మెత్తబరుస్తుంది. షీటు మీద షీటు అతికించినా ఇదే తంతు, మధ్యలో చిక్కిన సాల్వెంటు (సిమెంటులో ప్లాస్టిక్‌ని కరిగించే ద్రవం) వారాల తరబడి లాగుతూనే ఉంటాది.

విరుగుడు ఇదీ. అడుగు పలకకి 3 ఎంఎం కన్నాలు నాలుగైదు పెట్టండి. లోపల ప్రతి 35 ఎంఎంకి 2 ఎంఎం షీటుతో అడ్డుపలక నిలబెట్టండి, దానికీ కన్నం ఉండాలి. సిమెంటు బ్రష్షుతో అంచుకి తాకిస్తే చాలు, సందులోకి అదే పాకుతుంది. రెండు పొరలు కలపాలంటే ఫెవిక్విక్ చుక్కలుగా పెట్టి, అద్దం ముక్క కింద బరువుతో ఒక రాత్రి ఉంచండి. పై కప్పు మర్నాడు అతికించండి, అదే రోజు వద్దు.

కోత దగ్గర ఒక మాట. 2 ఎంఎం షీటుని స్టీలు స్కేలు ఆనించి నాలుగైదు సార్లు తేలిగ్గా గీసి విరవండి. గీత పక్కన సన్నటి గట్టు లేస్తుంది. దాన్ని బ్లేడు వీపుతో గీకకపోతే ఏ మూలా 90 డిగ్రీలు రాదు.

ఫోమ్_ఫ్యాక్టరీ:
ఇంత కష్టం ఎందుకండీ? బాడీ అంతా సన్‌బోర్డుతో కట్టి పైన 0.5 ఎంఎం హిప్స్ తొడిగితే సరి. ఫ్లెక్స్ బోర్డులు చేసేవాళ్ల దగ్గర తునకలు దొరుకుతాయి. వంగదు, తేలిక. ఒక్కటే జాగ్రత్త: సన్‌బోర్డు పీవీసీ, మోడల్ సిమెంటు దాన్ని సరిగ్గా పట్టదు. సన్‌బోర్డుకి సన్‌బోర్డు అయితే ప్లంబర్లు వాడే పీవీసీ సాల్వెంట్ సిమెంటు పల్చగా రాయండి. హిప్స్‌కి సన్‌బోర్డు అయితే ఫెవిక్విక్. కోసిన అంచున నురుగు గుల్లలు కనిపిస్తాయి, పుట్టీ రుద్ది సాండ్‌పేపర్ పట్టకపోతే పెయింటు కింద కూడా తెలిసిపోతాయి.

ట్రాక్‌లింకు:
పొడవాటి బల్లపరుపు పలకలకి సన్‌బోర్డు సరే. ర్యాంపు, హ్యాచ్, మడ్‌గార్డు లాంటి పల్చటివి హిప్స్‌లోనే చేయాలి. సన్‌బోర్డు అంచు గోరు తగిలితే చాలు, నొక్కుకుపోతుంది.

గాజువాక_గేమర్:
థాంక్సండీ, చాలా క్లారిటీ వచ్చింది. ఎగ్జాస్ట్ గొట్టాలకి 5 ఎంఎల్ సిరంజిలు, ఇంధన ట్యాంకులకి సీసా మూతలు అనుకుంటున్నా. అతుకుతాయా?

ఉప్పుగాలి:
అతకవండి. సిరంజి గొట్టం పాలీప్రొపిలీన్, మూతలు అదో పాలిథీనో. సిమెంటు అస్సలు పనిచేయదు, ఫెవిక్విక్ వేసినా గోటితో ఊడొచ్చేస్తుంది, పెయింటు పొరలా లేచిపోతుంది. అడుగున త్రికోణంలో అంకె ఉంటే చూడండి. 6 అయితే పాలీస్టైరీన్, హాయిగా వాడుకోండి. 3 అంటే పీవీసీ. 2, 5 అయితే పక్కన పడేయండి. గొట్టాలకి బాల్ పెన్ను బాడీలు చూడండి, చాలావాటికి సిమెంటు పడుతుంది, ముందు చిన్న ముక్క మీద పరీక్షించండి. కిటికీలకి పాత సీడీ పెట్టె మూత బాగుంటుంది, పాలీస్టైరీనే, కాకపోతే పెళుసు. అద్దాన్ని ఫెవికాల్‌తో అంటించండి, ఫెవిక్విక్ ఆవిరికి తెల్లగా మసకబారుతుంది.

బోల్టులూ రివెట్లూ అన్నిచోట్లా గుచ్చీయకండి. సెంటీమీటరు రివెట్టు 1/56లో 0.2 ఎంఎం కూడా ఉండదు. బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన టీయూ-142 విమానం దగ్గరికెళ్లి చూడండి, తెరిచే మూత ఎక్కడుందో, చక్రాల కాళ్ల వెంట పైపులు ఎలా దిగాయో. ఆ పైపుల్ని సన్నటి కరెంటు వైరుతో అచ్చం దింపొచ్చు.

ప్రైమర్_పంతులు:
వానాకాలంలో కొట్టొచ్చు, వేళ చూసుకోవాలి. తెల్లవారుజామున తేమ బాగా ఎక్కువ. పొద్దెక్కాక పదకొండు నుంచి ఒంటిగంట మధ్య, వాన లేనప్పుడు, గాలి తగలని బాల్కనీ మూల మేలు. డబ్బా రెండు నిమిషాలు ఊపి, 20-25 సెంటీమీటర్ల దూరం నుంచి పల్చగా మూడు కోట్లు. సాల్వెంటు ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి గాల్లో తేమని లాక్కుంటుంది, తెల్లటి మసక అందుకే వస్తుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన మోడల్‌కి వెంటనే కొడితే ఇంకా ఘోరం, అరగంట బయట పెట్టాకే కొట్టండి. ఇసకలా గరుకు వస్తే అది తేమ కాదు, దూరం ఎక్కువైందనో గాలి వీచిందనో అర్థం. లోపల థర్మోకోల్ ఎక్కడైనా ఉంటే ముందు ఫెవికాల్ పూత వేయండి, లేకపోతే స్ప్రేకి కరిగి గొయ్యి పడుతుంది.

టరెట్‌కి అయస్కాంతం బాడీలో ఒక్కటే పెట్టండి, 5×2 ఎంఎంది, కప్పు పైకి సమానంగా. టరెట్ల అడుగున స్టీలు వాషరు. ఎన్ని టరెట్లు చేసినా ఉత్తర దక్షిణాల గొడవ ఉండదు. కన్నంలో ఫెవిక్విక్ ఒక్కటే చాలదు, పెళుసు కాబట్టి లాగినప్పుడు అయస్కాంతం ఊడి వాషరుకే ఉండిపోతుంది. కింద నుంచి ఎం-సీల్ ముద్ద నొక్కండి. పైన రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత వేయండి, సముద్రపు గాలికి నికెల్ పూత గీరుకుపోయిన చోట తుప్పు పట్టి పెయింటుని పైకి లేపుతుంది. ర్యాంపు కీలుకి జెమ్ క్లిప్పు తీగ చాలు, దానికీ అదే పాలిష్.