చెరువు పచ్చబడింది, తెల్లారేసరికి చేపలు తేలాయి. ఏ టెస్టులు చేయాలి?

కట్ట మీద నడక:
అందరికీ నమస్తే. హైదరాబాద్ శివారులో మా కాలనీ పక్కనే 12 ఎకరాల చెరువు ఉంది. ఒకవైపు కట్ట, తూము. ఎగువ నుంచి నాలా వచ్చి కలుస్తుంది. ఇప్పుడు ఎండాకాలం కాబట్టి మధ్యలో కూడా మనిషి లోతు ఉండదేమో. మార్చి నుంచి నీళ్లు పచ్చబడుతూ వచ్చాయి. పది రోజులుగా తూము మూలన పచ్చ పెయింటు ఒలకబోసినట్టు మీగడ కడుతోంది. మొన్న రెండు రోజులు మబ్బు పట్టి, రాత్రి గట్టిగా వాన పడింది. పొద్దున్నే వాకింగ్‌కు వెళ్తే కట్ట పొడవునా చచ్చిన చేపలు. పెద్ద పెద్ద బొచ్చెలు, రవ్వలు. ఎవరో విషం కలిపారని మత్స్య సొసైటీవాళ్లు గొడవ పెడుతున్నారు. మా వాట్సాప్ గ్రూపులోనేమో మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) చల్లిద్దాం, చందాలేయండి అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ముగ్గురం కలిసి వారం వారం నీళ్లు పరీక్షిద్దామనుకుంటున్నాం. ఒక్కరం కూడా సైన్స్ చదివినవాళ్లం కాదు. పదివేలు దాటకుండా ఎక్కడ మొదలుపెట్టాలి?

భీమవరం ఆక్వా:
ఇరవై ఏళ్లుగా చేపల చెరువుల మీదే కాపలా ఉంటున్నానండి. ముందు మూడు సంగతులు చెప్పండి. చచ్చినవాటిలో కొర్రమీను ఉందా? చిన్న చేపలు కూడా పోయాయా, పెద్దవేనా? మీరు చూసింది ఎన్ని గంటలకు?

కట్ట మీద నడక:
ఆరు గంటలకు అన్నా. కొర్రమీను ఒక్కటీ కనబడలేదు. చిన్నవి ఒడ్డున నోళ్లు పైకి పెట్టి తిరుగుతున్నాయి. ఎండ ఎక్కాక అవి కూడా లోపలికి వెళ్లిపోయాయి.

భీమవరం ఆక్వా:
అయితే తొంభై పాళ్లు విషం కాదండి, డీఓ (నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్) పడిపోయింది. విషమైతే చిన్నా పెద్దా చూడదు, టైమూ చూడదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ముందు పోయేది పెద్ద చేపే. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేస్తుంది. పచ్చ నీళ్లు పగలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రి అవే తాగేస్తాయి. రెండు రోజులు మబ్బేస్తే పగటి సంపాదన ఉండదు, రాత్రి ఖర్చు మాత్రం ఆగదు. దానికి తోడు వాన నాలాలోని మురుగంతా తెచ్చి పోసింది, అడుగు నీళ్లను పైకి కలిపింది. మా వైపు మబ్బు పట్టిందంటే ఆ రాత్రి ఏరియేటర్ల (నీళ్లలోకి గాలి కొట్టే యంత్రాల) దగ్గర ఎవరికీ నిద్ర ఉండదు. చచ్చిన చేపల్ని మాత్రం అమ్మనివ్వకండి. గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చేయాలి.

డిగ్రీ కాలేజీ ల్యాబ్:
ఆయన చెప్పింది సరైనదే. ఆ పచ్చదనం ఏమిటో కూడా తేల్చుకోండి. గ్లౌజులేసుకుని ఒక కర్రతో ఆ మీగడను ఎత్తి చూడండి. జుట్టులా, తడి దూదిలా వేలాడితే పీచు నాచు, చూడ్డానికి అసహ్యమే గానీ పెద్ద ప్రమాదం లేదు. పెయింటులా కర్రకు అంటుకుని జారిపోతే నీలి ఆకుపచ్చ నాచు అయ్యుండొచ్చు, అంటే సయనోబ్యాక్టీరియా. ఒడ్డున రాళ్ల మీద ఎండిన చోట నెమలికంఠం రంగు మరక ఉందేమో కూడా చూడండి. ఆ నీలం దానిదే.

రెండోది సీసా పరీక్ష. మీగడ లేనిచోట నీళ్లు గాజు సీసాలో ముప్పావు వంతు పట్టి, కదపకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి (ఇంట్లోవాళ్లకు చెప్పి పెట్టండి!). పొద్దున పచ్చదనం పైకి తేలి పట్టీ కడితే అనుమానం బలపడుతుంది. ఈ రకాల్లో చాలావాటికి లోపల గాలి అరలుంటాయి, అందుకే తేలతాయి. అడుక్కి దిగితే మామూలు నాచు. ఈ రెండూ అనుమానం తీర్చుకోవడానికే. ఖాయం కావాలంటే దగ్గర్లో కాలేజీకి ఒక సీసా పట్టుకెళ్లి మైక్రోస్కోపు కింద పెట్టించండి. నీలి ఆకుపచ్చ నాచుల్లో ఒక రకమైన మైక్రోసిస్టిస్ అయితే సన్న చుక్కలు గుంపులు గుంపులుగా, ముద్దలుగా కనబడతాయి.

తేలేదాకా కుక్కల్ని, గేదెల్ని ఆ మూలకు పోనివ్వకండి. పిల్లల్ని దిగనివ్వకండి.

పాత కాపు:
ఇన్ని పరీక్షలెందుకు? మా ఊరి కుంటలో మైలుతుత్తం మూట కట్టి లాగితే రెండు రోజుల్లో నీళ్లు అద్దంలా తేలాయి.

భీమవరం ఆక్వా:
బాబాయ్ గారూ, తేలతాయి, కాదనను. కానీ పచ్చంతా ఒక్కసారి చస్తే అది కుళ్లడానికి మళ్లీ ఆక్సిజన్ కావాలి. మొన్న మిగిలిన చేపలు కూడా పోతాయి. రాగి అడుగు బురదలో ఉండిపోతుంది. నెల తిరిగేసరికి నాచు మళ్లీ వస్తుంది, దాని తిండి చెరువులోనే ఉంది కదా.

ఒహాయో తెలుగు:
ఇంకో ప్రమాదం ఉంది. సయనోబ్యాక్టీరియా కణం పగిలితే లోపలి విషం ఒక్కసారిగా నీళ్లలో కలుస్తుంది. 2014 ఆగస్టులో మా పక్క ఊరు టొలీడోలో నాలుగు లక్షల మందికి పైగా మూడు రోజులు కుళాయి నీళ్లు ముట్టుకోలేదు. ఈరీ సరస్సులో మైక్రోసిస్టిస్ పెరిగి, మైక్రోసిస్టిన్ అనే విషం ప్లాంటు దాటి వచ్చేసింది. కాచినా తాగొద్దన్నారు, కాస్తే అది పోదు. మనవాళ్లంతా కార్లేసుకుని పక్క ఊళ్ల షాపుల్లో నీళ్ల కేసుల కోసం తిరిగాం. తాగునీటిలో డబ్ల్యూహెచ్‌వో పెట్టిన హద్దు లీటరుకు ఒక మైక్రోగ్రాము. మీ చెరువు పక్కన తాగే బోర్లుంటే ఆ విషానికి టెస్టు చేయించాలేమో ల్యాబ్ మేడమ్‌ను అడగండి.

డిగ్రీ కాలేజీ ల్యాబ్:
చెరువు నీళ్లు నేరుగా తాగేవాళ్లు లేకపోతే ఆ టెస్టు ఇప్పుడే వద్దు, ఖరీదెక్కువ. మీ పదివేలకు ఇదీ నా లెక్క.

ముందు సెకీ పలక, ఇంట్లోనే చేసుకోవచ్చు. 1865లో సెకీ అనే ఇటలీ ఫాదరీ సముద్రంలో దించిన పద్ధతి, ఇప్పటికీ దీన్ని మించిన చౌక పరికరం లేదు. 20 సెంటీమీటర్ల గుండ్రటి రేకు నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా నలుపు, తెలుపు వేయండి. కింద బరువు, మధ్యలో తాడు, తాడుకు ఐదు సెంటీమీటర్లకొక గుర్తు. తూము గట్టు మీద నిలబడి నీడవైపు దించండి. కనబడకుండా పోయిన లోతొకటి, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతొకటి. రెండింటి సగటు రాసుకోండి. చేపల చెరువులో 30 నుంచి 40 సెంటీమీటర్ల వరకు ఉంటే బాగున్నట్టు. 20 లోపల ఉంటే పచ్చ ముదిరింది. ఒండ్రు కలిసినా తగ్గుతుంది కాబట్టి నీటి రంగు కూడా పక్కన రాయండి.

తర్వాత టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులు) చూపే పెన్ను, పీహెచ్ (పులుపు, క్షారం) చూపే చుక్కల మందు, అక్వేరియం షాపులో దొరికే అమ్మోనియా కిట్టు. డీఓకు మీటరు కొంటే మీ డబ్బంతా దానికే అయిపోతుంది. వింక్లర్ పద్ధతి నేర్చుకోండి. మూత బిగుతుగా పట్టే సీసాను నీళ్లలో ముంచి, లోపలే నింపి, లోపలే మూత పెట్టాలి. చిన్న బుడగ ఉన్నా ఆ సీసా పారబోయండి. మాంగనీసు సల్ఫేటు, క్షార అయొడైడు వేయగానే టీ రంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉంది. తెల్లగా ఉండిపోతే లేదు. అక్కడికే సగం సమాధానం కంటికి తెలిసిపోతుంది. తర్వాత యాసిడ్ వేసి కరిగించి, గంజి చుక్క వేస్తే నీలమవుతుంది. ఆ నీలం పోయేదాకా థయోసల్ఫేటు ద్రావణం చుక్కచుక్కగా వేయాలి. 200 మిల్లీలీటర్ల నీటికి 0.025 నార్మాలిటీ (గాఢత) ఉన్న ఆ ద్రావణం వాడితే ఎన్ని మిల్లీలీటర్లు పడితే లీటరుకు అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్. యాసిడ్ దాకా మీరు ఊళ్లోనే వేసేయొచ్చు, మిగతాది కాలేజీలో చేయించుకోండి. యాసిడ్ మాత్రం పిల్లల చేత వేయించకండి.

అన్నిటికన్నా ముఖ్యం టైము. పొద్దున ఆరింటికి ఒకసారి, అదే రోజు మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, అదే చోట. నీళ్లు పట్టేది మోచేతి లోతులో. మీగడ గీకి పట్టి ఇదే చెరువు అనకండి, గాలి ఎటు వీస్తే మీగడ అటు పోతుంది.

మ్యాప్ పిచ్చి:
చిన్న సలహా. ఉపగ్రహ బొమ్మలు చూపే కోపర్నికస్ బ్రౌజర్ వెబ్‌సైటు ఫ్రీ. అందులో సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మలో ఒక్కో గడి 10 మీటర్లు, అంటే మీ 12 ఎకరాలకు సుమారు 480 గడులు. మబ్బు లేని రోజులు వెతికి వెనక్కి వెళ్తే పచ్చ ఏ ఏడు, ఏ నెలలో, ఏ మూల మొదలైందో చూసుకోవచ్చు. గుర్రపుడెక్క కూడా పచ్చగానే కనబడుతుంది, దాన్ని చూసి మోసపోకండి.

కట్ట మీద నడక:
మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. కర్ర పెయింటులా అంటుకుంది. సీసాలో పైన వేలెడు పట్టీ కట్టింది. కాలేజీలో చూసి మైక్రోసిస్టిసే అన్నారు. కుక్కల్ని తేవొద్దని బోర్డు పెట్టాం, ఇద్దరు తిట్టారు. సెకీ 18 సెంటీమీటర్లు. డీఓ లీటరుకు పొద్దున 1.8 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 13. పీహెచ్ పొద్దున 7.6, మధ్యాహ్నం 9.4. అమ్మోనియా కార్డు మీద 2 చూపించింది. కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో చేపల చెరువుకు డీఓ 4 చాలంటున్నారు. మధ్యాహ్నం 13 ఉంది కదా, మంచిదే అని గ్రూపులో ఒకాయన వాదన. నిజమేనా?

డిగ్రీ కాలేజీ ల్యాబ్:
ఆ 13ను చూసి భయపడాలండి. 30 డిగ్రీల వేడిలో నీళ్లు మామూలుగా పట్టుకోగలిగేది ఏడున్నర. అంతకు మించినదంతా నాచు ఊదింది. పగలు అంత ఊదేది రాత్రి అంత తాగుతుంది, అందుకే పొద్దున 1.8. రెండు అంకెల మధ్య ఎంత ఎడముంటే చెరువుకు అంత జ్వరం ఉన్నట్టు.

అమ్మోనియా కూడా పీహెచ్‌తో కలిపి చదవాలి. ఆ కిట్టు చూపేది మొత్తం అమ్మోనియా. అందులో చేపను చంపే రూపం, ఇదే వేడిలో, 7.6 దగ్గర నూటికి మూడు పాళ్లే. 9.4 దగ్గర మూడింట రెండు వంతులు. మీరు 2 చూసింది మధ్యాహ్నమైతే అందులో సుమారు 1.3 విషమే. మండలి చేపలకు పెట్టిన హద్దు 1.2.

భీమవరం ఆక్వా:
ఆ నీళ్లకు సున్నం వేయకండేం, పీహెచ్ ఇంకా ఎక్కుతుంది. చేపలకు మేత ఆపేయమని సొసైటీవాళ్లకు చెప్పండి. బ్రెడ్లు, మురమురాలు విసిరేవాళ్లకు కూడా. ఇవి ఈ ఎండలు గడిచేదాకానేనండి, నాచుకు అసలు తిండి ఎటు నుంచి వస్తుందో చూడండి. టీడీఎస్ పెన్ను పట్టుకుని తెల్లారుజామున ఒడ్డంతా చుట్టి రండి, వందడుగులకొక చోట ముంచుతూ.

కట్ట మీద నడక:
అన్నా, నిన్న ఐదున్నరకు వెళ్లాం. చెరువంతా 640 దగ్గర తిరిగింది. నాలా కలిసేచోట 980. తూర్పు ఒడ్డున తూటికూర పొదల్లో 1050! పొద పక్కకు తీస్తే లావుపాటి పైపు, సన్నగా నీళ్లు పడుతున్నాయి, నురగ కూడా ఉంది. పైన ఒక అపార్ట్‌మెంట్. ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) ఉందని బోర్డు ఉంది, రాత్రి దాన్ని ఆపేస్తారని వాచ్‌మన్ మాట. ఫొటోలు తీశాం. గ్రూపులో పెట్టేయమంటారా?

డిగ్రీ కాలేజీ ల్యాబ్:
ఆగండి! మీ వైపు బోరు నీళ్ల టీడీఎస్ ఎంత? బోరే 1000 ఉంటే ఆ పైపులోది తోట కడిగిన నీళ్లు కూడా కావొచ్చు. టీడీఎస్ ఉప్పును చూపిస్తుంది, మురుగును కాదు. పైపు నీళ్లకు అమ్మోనియా చేయండి.

కట్ట మీద నడక:
మంచిమాట చెప్పారు మేడమ్. మా బోరు 890. ఇవాళ పొద్దున పైపు నీళ్లు పట్టి చుక్కలేశాం. కార్డులో ఆఖరి గడి కంటే ముదురు పచ్చ వచ్చింది. కార్డు 8తోనే అయిపోతుంది.

డిగ్రీ కాలేజీ ల్యాబ్:
అయితే అది బోరు నీళ్లు కాదు. ఒక వంతు పైపు నీళ్లు, తొమ్మిది వంతులు ఆర్వో నీళ్లు కలిపి మళ్లీ చేసి, వచ్చినదాన్ని పదితో గుణించండి. వరసగా మూడు రోజులు, టైముతో సహా రాసి, మున్సిపాలిటీకీ కాలుష్య నియంత్రణ మండలికీ ఇద్దరికీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. వాళ్లు శాంపిల్ తీసేది పగటిపూటే అయితే ఆ పైపు పొడిగా ఉంటుంది. తెల్లారుజామునే రావాలని అర్జీలోనే రాయండి. ఈ-కొలై (మలంతో వచ్చే బ్యాక్టీరియా) లెక్క కావాలంటే సీసా కడిగి పట్టకండి, స్టెరైల్ సీసా ల్యాబువాళ్లే ఇస్తారు. మూత తీయడం, పట్టడం, మూయడం, అంతే. ఐస్‌లో పెట్టి అదే రోజు అప్పగించండి.

కట్ట మీద నడక:
పదో వంతుకు కార్డు మీద 2 వచ్చింది, అంటే 20. రేపు, ఎల్లుండి కూడా చేసి అర్జీ రాస్తాం. సొసైటీ పెద్దాయన కూడా మాతో వస్తానన్నాడు, కొర్రమీనులు బతికిన సంగతి చెప్పాక విషం మాట ఎత్తడం లేదు.

భీమవరం ఆక్వా:
ఇవాళ మీ వైపు మబ్బు ఎలా ఉందండి? సాయంత్రానికి ఎండ రాకపోతే డీజిల్ పంపొకటి ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. రాత్రి రెండింటి నుంచి చెరువు నీళ్లే తోడి పైనుంచి చెరువులోకే జల్లులా పడేలా పెట్టండి. పంపు తూము మూలన పెట్టకండి, ఆ మీగడ తుంపర మీద పడితే మంచిది కాదు.