వెనక సీట్లో బెల్టు పెట్టుకోలేదని క్యాబ్ డ్రైవర్ దించేశాడు. తప్పెవరిది?

మున్నేకొలాల_మధు | శనివారం, రాత్రి 9.12
పొద్దున బెంగళూరులో జరిగింది చెప్తాను, మీరే తేల్చండి. అమ్మానాన్నలను వైజాగ్‌లో చెల్లెలి దగ్గరికి పంపాలి. నా కారు తీస్తే ఎయిర్‌పోర్టులో పార్కింగ్ గోల, అందుకని క్యాబ్ బుక్ చేశాను. నేను ముందు, వాళ్లిద్దరూ వెనక. డ్రైవర్ కుర్రాడు, పాతికేళ్లు ఉంటాయేమో. బండి కదపకుండా వెనక్కి తిరిగి కన్నడంలో ‘బెల్ట్ హాకొళ్ళి’ అన్నాడు, బెల్టు పెట్టుకోండి అని. నాన్న బెల్టు లాగాడు, గుచ్చడానికి బకిల్ కనిపించలేదు. సీటు కవరు కింద ఎక్కడో ఉంది. నేను దిగి వెనక్కి వచ్చి చెయ్యి దూర్చి వెతికితే రూపాయి బిళ్ల, వేరుశనక్కాయ పొట్టు దొరికాయి గానీ బకిల్ దొరకలేదు. పోనీలే పదవయ్యా అంటే పోనివ్వనన్నాడు. మాటామాటా పెరిగి ట్రిప్ క్యాన్సిల్ చేసి, సామాను ఫుట్‌పాత్ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఇంకో బండి దొరికేసరికి అరగంట. ఫ్లైట్ చివరి నిమిషంలో అందింది.
మారతహళ్లి నుంచి హెబ్బాళ దాకా బండి నడిచేదే నత్తలా. వెనక సీట్లో ముసలివాళ్లకు బెల్టు అంత అవసరమా?

కోరమంగళ_కిట్టు | 9.20
రూపాయి బిళ్ల తిరిగిచ్చేశావా బ్రో?

రమణారావు_పీణ్య | 9.41
అవసరమే. నేను కార్ల విడిభాగాల కంపెనీలో చేసి రిటైరయ్యాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. నత్త నడక అంటున్నారు గదా, గంటకు 30 కిలోమీటర్లే అనుకుందాం. అంటే సెకనుకు ఎనిమిది మీటర్ల పైమాట. మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి కింద పడితే నేలను తాకేది ఆ వేగంతోనే. అదే 50 అయితే దాదాపు పది మీటర్లు, మూడంతస్తుల మేడ. కారు ఆగుతుంది గానీ లోపల ఉన్న మనిషి ఆగడు, ముందు సీటు తగిలేదాకా అదే వేగంతో పోతాడు. మీ నాన్నగారిని డాబా మీద నుంచి దూకమని ఎవరైనా అంటే ఊరుకుంటారా?
టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ సంగతి తెలిసిందే. 2022 సెప్టెంబర్ 4న పాల్ఘర్ దగ్గర బ్రిడ్జి గోడకు కారు కొట్టుకుంది. ముందు కూర్చున్న ఇద్దరూ బతికారు, వెనక బెల్టు లేకుండా కూర్చున్న ఇద్దరూ పోయారు. అది మెర్సిడెస్. మనం ఎక్కేవి మెర్సిడెస్‌లు కావు.

మున్నేకొలాల_మధు | 9.55
సార్, లెక్క బాగుంది. నా ప్రశ్న బకిల్ గురించి. కవరు కింద దాచింది ఎవరు?

సొంతబండి_సీను | 10.18
అన్నా, నాది మదనపల్లె. కేఆర్ పురంలో ఉంటాను, తొమ్మిదేళ్లుగా సొంత బండి తిప్పుతున్నాను. ఆ పిల్లోడు ఎవరో నాకు తెలీదు గానీ, వాడు ఎందుకట్లా చేశాడో తెలుసు.
2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు 194బి అని ఒక సెక్షన్ పెట్టారు. బెల్టు లేకుండా నడిపితే వెయ్యి రూపాయలు. బెల్టు పెట్టుకోని ప్రయాణికులను తీసుకెళ్లినా వెయ్యి రూపాయలు. ఎవరికి? కూర్చున్నవాళ్లకు కాదు, తీసుకెళ్లేవాడికి. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు లేకపోయినా బండి నడిపేవాడి మీదే. 2022 అక్టోబర్‌లో కర్ణాటక పోలీసులు వెనక సీటు మీద కూడా గట్టిగా పడ్డారు. నా మీద మూడు చలానాలు వచ్చాయి, మూడూ పక్కన కూర్చున్నవాళ్లు బెల్టు తీసేసినందుకే. ఒకాయన నిద్రొస్తోందని తీశాడు, ఇంకొకాయన చొక్కా నలుగుతోందని. ఫోటోలో వాళ్ల మొహం, చలానాలో నా బండి నంబరు. 2023 ఫిబ్రవరిలో సగం తగ్గింపు పెట్టినప్పుడు క్యూలో నిలబడి కట్టాను. వాళ్లలో ఒక్కడైనా ఇచ్చాడా నాకు?

మున్నేకొలాల_మధు | 10.26
అదంతా సరే. బకిల్ బయట పెట్టాల్సింది డ్రైవరా, నేనా? సౌకర్యం ఇవ్వకుండా రూలు మాట్లాడితే ఎలా?

పద్మజ_హెచ్ఎస్ఆర్ | 10.31
నేను ఏడో నెలలో ఉన్నప్పుడు డాక్టరే చెప్పింది, కింది పట్టీ పొట్ట కిందగా, పై పట్టీ రొమ్ముల మధ్యగా పెట్టుకోమని. రోజూ ఆఫీసుకి అలాగే వెళ్లాను. ముసలివాళ్లకు కష్టం అనేది సాకు.

సైలెంట్_సాయి | 10.44
మా బావ కారు పలమనేరు దగ్గర పల్టీ కొట్టింది. బెల్టు లేదు కాబట్టి బయటపడి బతికాడు. బెల్టు ఉంటే అక్కడే ఇరుక్కునేవాడు. ఎవరి అనుభవం వాళ్లది. నేనైతే బెల్టు పెట్టుకోకపోతే వచ్చే ఆ కుయ్ కుయ్ శబ్దం రాకుండా బకిల్‌లో క్లిప్పు పెట్టేశాను, ప్రశాంతంగా ఉంది.

రమణారావు_పీణ్య | 11.02
సాయి గారూ, కారులోంచి విసిరేయబడి బతికినవాడు వచ్చి కథ చెప్తాడు. బతకనివాడు చెప్పలేడు కదా. నందమూరి హరికృష్ణ గారు 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో అలా బయటికి పడే పోయారు. బెల్టు పెట్టుకోలేదని అప్పుడే పేపర్లన్నీ రాశాయి. దశాబ్దాలుగా స్టీరింగ్ పట్టిన మనిషి.
ఆ క్లిప్పుల సంగతి. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ కంపెనీలకు వాటిని తీసేయమని ఆర్డరిచ్చింది. 13,118 లిస్టింగులు తీసేశారు. అంటే అన్ని రకాలు అమ్ముతున్నారన్నమాట, చావడానికి!

సైలెంట్_సాయి | 11.09
ఎయిర్‌బ్యాగ్ ఉంది సార్. ఆరు ఉన్నాయి.

రమణారావు_పీణ్య | 11.27
మీ స్టీరింగ్ మీద ఎస్ఆర్ఎస్ అని రాసి ఉంటుంది, చూడండి. అందులో మొదటి మాట సప్లిమెంటల్, అంటే తోడు. దేనికి తోడు? బెల్టుకి. బ్యాగు కన్ను మూసి తెరిచేలోపు ఉబ్బుతుంది. బెల్టు మిమ్మల్ని వెనక్కి పట్టుకుని ఉంటే మెత్తగా తగులుతుంది. లేకపోతే సగం ఉబ్బిన బ్యాగుకు మీరే ఎదురెళ్లి గుద్దుకుంటారు. ‘బెల్టు లేకపోతే బ్యాగు తెరుచుకోదు’ అని వాట్సాప్‌లో తిరిగేది చాలా కార్ల విషయంలో నిజం కాదు. తెరుచుకుంటుంది, భయపడాల్సింది దానికే. 1959లో వోల్వో ఇంజినీరు నీల్స్ బోలిన్ ఈ మూడు చోట్ల పట్టే బెల్టు చేస్తే, కంపెనీ పేటెంటు పట్టుకుని కూర్చోకుండా అందరినీ వాడుకోనిచ్చింది. ఊరికే వచ్చినదానికి విలువ ఉండదేమో మనకు.

కోరమంగళ_కిట్టు | 11.30
సార్ ఫామ్‌లో ఉన్నారు. పడుకోండి సార్.

గోరంట్లోడు | ఆదివారం, ఉదయం 6.50
రాత్రంతా చదివాను. 2023 అక్టోబర్ 26 తెల్లవారుజామున చిక్కబళ్లాపుర దగ్గర, పొగమంచులో ఆగి ఉన్న ట్యాంకర్‌ను టాటా సుమో గుద్దుకుంది, గుర్తుందా? 13 మంది పోయారు. ఆంధ్రా వైపు నుంచి బెంగళూరుకు పనికి వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ సుమోకి బెల్టులు ఎన్ని, ఎక్కినవాళ్లు ఎందరు? బాగేపల్లి దాటాక ఏ సోమవారమైనా నిలబడి చూడండి, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వస్తుంటారు. మీ చర్చంతా కారు ఉన్నవాళ్ల చర్చ.

రమణారావు_పీణ్య | 7.15
చాలా బాధాకరం. కానీ అది ఓవర్‌లోడింగ్ సమస్య. ఈ టాపిక్ బెల్టు గురించి.

గోరంట్లోడు | 7.18
అదే చెప్తున్నా సార్. మీ టాపిక్‌లో వాళ్లు లేరు.

మున్నేకొలాల_మధు | 8.40
లేచి చూస్తే అందరూ ఏదేదో రాశారు. ఒక్కరు కూడా బకిల్ గురించి జవాబివ్వలేదు.

సొంతబండి_సీను | 9.05
నేనిస్తాను. ఎందుకు కవరు కిందికి పోతుందో చెప్తాను. జేసీ రోడ్డులో కవరు వేసేవాళ్లు బకిల్ కోసం కన్నం కొయ్యరు, పనెక్కువని. మనం అడగం, చూసుకోం. తర్వాత ముగ్గురు ఎక్కితే మధ్యలో కూర్చున్నవాళ్లకు గుచ్చుకుంటుంది, ‘ఏందయ్యా ఇది’ అని వాళ్లే లోపలికి తోస్తారు. చిప్స్ తిని పొట్లం అందులోనే దూరుస్తారు. చలానాలు వచ్చాక నేనే గడ్డం గీసుకునే బ్లేడుతో కోసి పైకి తీశాను. ఒకదాంట్లో చూయింగ్ గమ్ ఉంది. పిన్నీసుతో గీకి తీశాను. ఆ పిల్లోడు కొయ్యలేదు, అది వాడి తప్పే. ఒప్పుకుంటా.
ఇప్పుడు మీరు ఒకటి చెప్పండి. ఏసీ పెంచమంటే పెంచాలి, పాట మార్చమంటే మార్చాలి, మ్యాప్ తప్పు చూపించినా తిట్లు మేమే తినాలి. బెల్టు పెట్టుకోండి సార్ అన్నామంటే మాత్రం పొగరు. దిగగానే ఒక్క స్టారు. అదేనా?

మున్నేకొలాల_మధు | 9.22
డబ్బులిచ్చి ఎక్కినవాళ్లను రోడ్డు మీద దించేయడం పొగరు కాక ఏంటి? నిన్నేమీ అనలేదు నేను, ఎందుకు మీదేసుకుంటున్నావు? మా నాన్నకి బెల్టు గురించి చెప్పేంతవాడా వాడు?

సొంతబండి_సీను | 9.25
అదీ సంగతి! బెల్టు కాదు, చెప్పింది డ్రైవరని. అదే ఫ్లైట్‌లో ఎయిర్ హోస్టెస్ చెప్తే మారుమాట్లాడకుండా పెట్టుకుంటారు. ఆమె ఇంగ్లీషులో చెప్తుంది కాబట్టి.

మున్నేకొలాల_మధు | 9.31
నోరు అదుపులో పెట్టుకో. మా ఇంట్లో ఎవరేం పనిచేశారో నీకేం తెలుసు?

పద్మజ_హెచ్ఎస్ఆర్ | 9.36
ఇద్దరూ ఆగండి. మధు గారూ, ఆ డ్రైవర్ అసలేమన్నాడు? మొదటి పోస్టులో ‘మాటామాటా పెరిగి’ అని దాటేశారు.

మున్నేకొలాల_మధు | 10.14
చెప్తాను. నాన్న బకిల్ కోసం వెతుకుతుంటే చేతులు వణుకుతున్నాయి. ఈమధ్య వణుకు వచ్చింది. వాడు అద్దంలో చూసి నవ్వుతూ ‘బెల్ట్ హాకోక్కూ బరల్వా, అజ్జా?’ అన్నాడు. బెల్టు పెట్టుకోవడం కూడా రాదా తాతా అని. నాన్నకు కన్నడం బాగా వచ్చు. మా నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు స్టీరింగ్ పట్టాడు. కదిరి డిపో. బెంగళూరు సర్వీసు ఎన్నేళ్లు చేశాడో లెక్కలేదు, రాత్రి పూట, ఆ ఘాట్‌లో, వైపర్ పనిచేయని బండ్లలో. ఒక్క యాక్సిడెంట్ లేదు. ఆ మాట విని నాన్న బెల్టు వదిలేసి ‘నేను పెట్టుకోను, ఏం చేసుకుంటావో చేసుకో’ అన్నాడు. అప్పటిదాకా పెట్టుకుందామనే చూశాడు. నేను వాడి మీద అరిచింది అందుకే.
తర్వాతి క్యాబ్‌లో ఎయిర్‌పోర్టు దాకా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు.

సొంతబండి_సీను | 10.40
అన్నా, ఇది ముందే చెప్పుంటే ఇంత రాసేవాణ్ని కాదు. మా నాయన్ను ఎవడైనా అట్లంటే నేనూ ఊరుకోను. నేను కదిరి బస్సుల్లో చాలాసార్లు వచ్చాను. పొద్దున్నే మెజెస్టిక్‌లో దింపేవాళ్లు. ఏమో, మీ నాయన బండిలోనే వచ్చుంటాను.
అయినా ఒకటి. వాడి మాట తప్పు. బెల్టు పెట్టుకోకపోతే బండి కదపననడం తప్పు కాదు. నేనైనా కదపను. ఈ రెండూ మీరు ఒకే మూటలో కట్టేస్తున్నారు.

మున్నేకొలాల_మధు | 10.52
ఆ రెండూ నీకు వేరువేరు. అద్దంలో నవ్వింది మా నాన్నను చూసి కదా, మాకు ఒకటే.

రమణారావు_పీణ్య | 11.05
సర్వీసులో యాక్సిడెంట్ లేకపోవడం ఆయన గొప్పతనం, నమస్కారం. కానీ గుద్దేది ఎదుటివాడు కావచ్చు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో బెల్టు లేనివాళ్లు 16,715 మంది అని కేంద్రమే చెప్పింది. వాళ్లలో డ్రైవర్లు 8,384, ప్రయాణికులు 8,331. దాదాపు సగం సగం. కాబట్టి వెనక కూర్చుంటే

రమణారావు_పీణ్య | 11.06
క్షమించాలి, చెయ్యి తగిలి పోస్టయింది. కాబట్టి ప్రయాణికులకు ఏం కాదనేది...

మున్నేకొలాల_మధు | 11.08
సార్, దయచేసి ఈ పూటకు ఆపండి.

గోరంట్లోడు | 11.20
కదిరి డిపో అంటే మా వాళ్లే. పెద్దాయనకు నమస్తే చెప్పు.

కోరమంగళ_కిట్టు | మధ్యాహ్నం 1.15
ఇంతకీ వైజాగ్‌లో దిగాక బెల్టు పెట్టుకున్నారా అంకుల్?

మున్నేకొలాల_మధు | 2.30
అడగలేదు. అడిగితే తిడతాడు. చెల్లెలు చెప్పింది, బావ కారులో ముందు సీట్లో కూర్చుని, ఎవరూ చెప్పకముందే పెట్టుకున్నాడట. దారి పొడుగునా బావకు గేర్లు ఎలా మార్చాలో చెప్తూ వచ్చాడట.

మున్నేకొలాల_మధు | సాయంత్రం 5.48
సీనూ, ఉన్నావా? ఇప్పుడే కిందికెళ్లి నా కారు వెనక డోరు తీసి చూశాను. మూడు బకిళ్లూ కవరు కిందే ఉన్నాయి. కొని నాలుగేళ్లయింది.

సొంతబండి_సీను | 6.02
జేసీ రోడ్డుకి మాత్రం పోవద్దన్నా, కొత్త కవరు అంటగడతారు. పాత బ్లేడు తీసుకో. కుట్టు పక్కనే కొయ్యి, కుట్టు మీద కొయ్యకు.