పుస్తకాల యాప్‌లో "మీ కోసం" జాబితా అసలు పనిచేయడం లేదు, మోడల్ మార్చాలా?

ప్రశ్న:
నమస్తే అండి. మా ఊరి గ్రంథాలయానికి ఒక యాప్ చేసి ఇచ్చాను. 2,400 పుస్తకాలు, కథలు ఫోన్లోనే చదువుకోవచ్చు. వాడేవాళ్లు 900 మంది దాకా ఉన్నారు. ఎవరి ఇష్టానికి తగ్గట్టు వాళ్లకు పది పుస్తకాలు చూపిద్దామని న్యూరల్ నెట్‌వర్క్ మోడల్ (పాత డేటా చూసి తనంతట తానే నేర్చుకునే ప్రోగ్రాం) ఒకటి పెట్టాను. టెస్టులో బ్రహ్మాండంగా వచ్చింది. తీరా యాప్‌లో పెట్టాక ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదు. నిన్న ఒక పెద్దావిడ లైబ్రరీకి వచ్చి, "బాబూ, స్తోత్రాల మధ్యలో ఈ హత్యలేమిటి?" అని అడిగారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. డేటా తక్కువైందా? ఇంకా పెద్ద మోడల్ కావాలా?

జవాబు:
మోడల్ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. ఆవిడ ఖాతాలో ఒక రోజు లాగ్ (ఎప్పుడేం తెరిచారో యాప్ రాసుకునే చిట్టా) చూసి, ఏ రకం పుస్తకం ఎంతసేపు చదివారో చెప్పు. పేరూ నంబరూ వద్దు. "చదివారు" అని దేన్ని లెక్కేస్తున్నావో కూడా రాయి.

ప్రశ్న అడిగినవారు:
పుస్తకం తెరిస్తే చదివినట్టే లెక్క అన్నా. లాగ్ ఇదీ:
ఉదయం 5:40, స్తోత్రాలు, 22 నిమిషాలు
సాయంత్రం 4:50, బొమ్మల కథ, 6 నిమిషాలు
సాయంత్రం 4:57, ఇంకో బొమ్మల కథ, 40 సెకన్లు
రాత్రి 10:15, డిటెక్టివ్ నవల, 55 నిమిషాలు

జవాబు:
ఆ ఫోన్లో ఉన్నది ఒక్కరు కాదు, ముగ్గురు. తెల్లవారుజామున నానమ్మ, బడి నుంచి వచ్చాక మనవడు, అందరూ పడుకున్నాక కొడుకో కోడలో. ముగ్గురినీ కలిపి నీ మోడల్ ఒక మనిషిని తయారుచేసుకుంది. అలాంటి మనిషి ఆ ఇంట్లో లేడు. ఎంత పెద్ద మోడల్ పెట్టినా ఇది సర్దుకోదు. యాప్ తెరవగానే "ఎవరు చదువుతున్నారు?" అని అడిగి, బొమ్మ నొక్కితే వాళ్ల జాబితా వచ్చేలా పెట్టు. నొక్కకుండా దాటేసేవాళ్లకి పొద్దున, సాయంత్రం, రాత్రి అని వేళను బట్టి విడదీసినా చాలావరకు నయం.

రెండోది, తెరవడం వేరు, చదవడం వేరు. యూట్యూబ్ కూడా 2012లో ఎన్నిసార్లు నొక్కారన్న లెక్క పక్కన పెట్టి, ఎంతసేపు చూశారన్న దానికి ప్రాధాన్యం ఇచ్చింది. ఊరించే బొమ్మా శీర్షికా పెట్టినవాళ్లే పైకి వస్తున్నారు కాబట్టి. అలాగని నువ్వు నిమిషాలు లెక్కపెట్టకు. బొమ్మల కథకి 6 నిమిషాలంటే మొత్తం చదివేసినట్టు, నవలకి 6 నిమిషాలంటే నచ్చక మూసేసినట్టు. పేజీల్లో ఎన్నో వంతు తిప్పారో చూడు. ఆ 40 సెకన్ల కథని అసలు లెక్కలోకి తీసుకోకు.

మరో జవాబు:
పై అన్నయ్య చెప్పింది నిజం. నా మాట మోడల్ గురించి. 900 మందికి న్యూరల్ నెట్‌వర్క్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ముందు ఉత్త కూడికలతో మొదలుపెట్టండి: ఈ పుస్తకం పూర్తిచేసినవాళ్లు ఇంకేం పూర్తిచేశారు? అమెజాన్ వాళ్లు 2003లో వివరిస్తూ రాసిన పద్ధతికి మూలం ఇదే. పాఠకుణ్ణి పాఠకుడితో పోల్చరు, వస్తువుని వస్తువుతో పోలుస్తారు.

లెక్క చూపిస్తాను. ఒక జానపద నవలని 40 మంది పూర్తిచేశారు. రెండో జానపద నవలని 90 మంది. రెండూ చదివినవాళ్లు 24 మంది. ఊరంతా చదివిన వంటల పుస్తకాన్ని 400 మంది చదివారు, వాళ్లలో మొదటి నవల చదివినవాళ్లు 32 మంది. తలకాయలు లెక్కేస్తే వంటల పుస్తకమే గెలుస్తుంది. అందుకే ఉమ్మడి సంఖ్యని రెండు పుస్తకాల పాఠకుల లబ్ధం వర్గమూలంతో భాగించాలి. రెండో నవలకి 24ని 60తో భాగిస్తే 0.4. వంటల పుస్తకానికి 32ని 126తో భాగిస్తే 0.25. ఇప్పుడు నవల పైకి వచ్చింది. ఒక్క జాగ్రత్త: ఒకే ఒక్కరు చదివిన రెండు పుస్తకాలకి ఇదే లెక్కలో ఏకంగా 1 వస్తుంది. ఉమ్మడి పాఠకులు కనీసం ఐదుగురు లేకపోతే ఆ జతని వదిలేయండి.

టెస్టులో బాగా వచ్చిందన్నారు కదా, మోడల్‌కి నేర్పడానికి కొంత, పరీక్షించడానికి కొంత అని డేటాని ఎలా విడదీశారు? కలగాపులగం చేసి కొంత పక్కన పెట్టి ఉంటే, మార్చిలో చదివినదాన్ని చూసి ఫిబ్రవరిలో ఏం చదివారో చెప్పమన్నట్టే. అది కాపీ కొట్టి పరీక్ష పాసవడం. చివరి నెలని దాచిపెట్టి, అంతకుముందుదే మోడల్‌కి చూపించండి. ఎక్కువమంది చదివిన ఒకే టాప్ టెన్ అందరికీ చూపిస్తే ఎంత వస్తుందో కూడా పక్కన రాసుకోండి. దాన్ని దాటకపోతే ఈ హడావిడి ఎందుకు?

ఇంకా టెన్షన్‌గా ఉంటే, ఎవరికి ఏ సినిమా నచ్చుతుందో ఇంకా బాగా అంచనా వేయమని నెట్‌ఫ్లిక్స్ పెట్టిన పోటీ గుర్తు తెచ్చుకోండి. 2009లో పది లక్షల డాలర్లు గెలిచిన మోడల్‌ని వాళ్లు పూర్తిగా వాడుకోనే లేదు. పెరిగిన కచ్చితత్వం ఆ శ్రమకి తగదని తేల్చారు.

ఇంకొకరి జవాబు:
కొత్తగా చేరినవాళ్లకి లాగే ఉండదు కదా. వాళ్లని మూడు ఇష్టమైన పుస్తకాలు ఎంచుకోమనండి, చాలు. 1979లోనే ఎలైన్ రిచ్ గారు గ్రండీ అని ఒక ప్రోగ్రాం చేశారు. లైబ్రేరియన్‌లా రెండు మాటలు మాట్లాడి, మనిషి ఎలాంటివారో అంచనా వేసి నవల చెప్పేది. మనం చేస్తున్నదీ అదే.

ఇంకో సంగతి, లాగ్‌లో పేరు తీసేస్తే సరిపోతుందనుకోకండి. నెట్‌ఫ్లిక్స్ పోటీకి ఇచ్చిన డేటాలోనూ పేర్లు లేవు. బయట దొరికే సినిమా రేటింగులతో పోల్చి కొందరిని గుర్తుపట్టొచ్చని పరిశోధకులు 2008లో చూపించారు. మనవడి ప్రొఫైల్ విషయంలో మరింత జాగ్రత్త. మన 2023 డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్లలోపు వాళ్ల ప్రవర్తనని గమనించడం మీద ఆంక్షలున్నాయి. పిల్లలకి వ్యక్తిగత జాబితా వద్దు, లైబ్రేరియన్ ఎంచినవి చూపించండి.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత):
అందరికీ థాంక్స్. మేడం చెప్పిన కూడికల లెక్కే పెట్టాను. చివరి నెల దాచి చూస్తే నా పాత మోడల్ టాప్ టెన్ కన్నా వెనకబడింది, సిగ్గేసింది. పెద్దావిడ జాబితాలో హత్యలు పోయాయి. కానీ ఇప్పుడు "అన్నీ స్తోత్రాలేనా నాయనా?" అంటున్నారు!

మరో జవాబు:
పదిలో రెండు స్థానాలు వేరే రకానికి వదిలేసి, వారానికోసారి మార్చండి. ఏది ఏ స్థానంలో చూపించారో కూడా రాసి పెట్టుకోండి. మొదట ఉన్నదాన్నే జనం ఎక్కువ నొక్కుతారు. అది ఇష్టమనుకుని దాన్నే మళ్లీ మొదట పెడతారు, చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
సరే మేడం, 3, 8 స్థానాలు వదిలేస్తున్నాను. మనవడి ప్రొఫైల్‌కి ఏనుగు బొమ్మ పెట్టాం. రాత్రి పదింటికి డిటెక్టివ్ నవలలు కూడా ఏనుగు పేరు మీదే తెరుచుకుంటున్నాయి. వాళ్ల నాన్నకి ఫోన్ చేయాలి.