డె డొల్లె ఎక్స్‌ట్రా ఎక్స్‌పోర్ట్ స్టౌట్: చివర్లో ఈ పులుపు ఉండేదేనా, బాటిల్ పాడైందా?

లూవెన్‌కుర్రోడు
అన్నలూ, నేను లూవెన్‌లో మాస్టర్స్ చేస్తున్నా. ఇక్కడికొచ్చాక ఇక్కడి డుబెల్, ట్రిపెల్ బీర్లు బాగానే రుచి చూశా కానీ స్టౌట్ (మాడ్చిన గింజలతో చేసే నల్ల బీరు) జోలికి పోలేదు, అది ఐర్లండ్ వాళ్ళది కదా బెల్జియంలో ఎందుకులే అని. మొన్న షాపులో డె డొల్లె అనే ఇక్కడి బ్రూవరీ వాళ్ళ ఎక్స్‌ట్రా ఎక్స్‌పోర్ట్ స్టౌట్ కనిపిస్తే రెండు తెచ్చా, 33 సెంటీలీటర్ల బాటిల్, 9 శాతం.

పోస్తే చిక్కటి నలుపు, లైటుకి ఎత్తి చూస్తే అంచున మాత్రం ఎర్రటి గోధుమ రంగు. నురగ లేత గోధుమ రంగులో దట్టంగా లేచి చాలాసేపటి దాకా దిగలేదు, అది చూడ్డానికే బాగుంది. వాసనలో మాడిన బ్రెడ్డు, కాఫీ డికాక్షన్, కాస్త ఎండుద్రాక్ష. నోట్లో ముందు డార్క్ చాక్లెట్ లాంటి చేదు, ఆ వెనకాల ఎండు పళ్ళ తీపి కొంచెం, మింగాక నాలుక పక్కల సన్నగా పులుపు. 9 శాతం అన్నారు కానీ గొంతులో మంట అస్సలు లేదు. నా డౌటు ఆ పులుపు గురించే. స్టౌట్‌లో పులుపు ఉంటుందా? ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోశా, అడుగున మడ్డి కూడా వచ్చేసింది. రెండోది ఓపెన్ చెయ్యాలా వద్దా చెప్పండి.

గెంట్‌లో‌గోదారోడు
పాడవ్వలేదు తమ్ముడూ, ఆ బీరు పద్ధతే అది. మాడ్చిన మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) ఎక్కువ పడితేనే కొంత ఆమ్లం వస్తుంది, ఏ స్టౌట్‌లో అయినా. దానికి తోడు వీళ్ళ ఈస్ట్‌కి ఒక కథ ఉంది. డె డొల్లె వాళ్ళు 1980లో ఎసెన్ అనే ఊళ్ళో పాత బ్రూవరీ కొని మొదలుపెట్టారు, చాలా ఏళ్ళు రూసెలారెలోని రోడెన్‌బాఖ్ నుంచి ఈస్ట్ తెచ్చుకునేవాళ్ళు. రోడెన్‌బాఖ్ అంటే ఓక్ పీపాల్లో మాగబెట్టే పుల్లటి ఎర్ర బీరు, కాబట్టి ఆ ఈస్ట్‌తో పాటు పులుపు పుట్టించే లాక్టిక్ బ్యాక్టీరియా కూడా వచ్చేది. 1998లో రోడెన్‌బాఖ్‌ని పామ్ అనే ఇంకో బ్రూవరీ కొనేసింది, తర్వాత ఈస్ట్ ఇవ్వడం ఆగిపోయింది, వీళ్ళు సొంతంగా పెంచుకున్నారు. అయినా ఆ సన్నటి పులుపు వాళ్ళ బీర్లలో ఇప్పటికీ తగులుతుంది, వాళ్ళదే ఓర్‌బీర్ అని ఉంటుంది, అది తాగి చూడు ఇంకా బాగా తెలుస్తుంది.

నిజంగా పాడైతే వేరేలా ఉంటుంది. మూత తీయగానే నురగ ఆగకుండా పొంగి బయటికి వచ్చేస్తుంది, వెనిగర్ వాసనో నెయిల్ పాలిష్ వాసనో కొడుతుంది, నోట్లో నీళ్ళలా పల్చగా ఉంటుంది. నీది నురగ నిలబడింది, చాక్లెట్ తగిలింది అంటున్నావు కదా, ఇంకేం.

ఇంట్లో_కాచేవాడు
గోదారోడు గారు చెప్పింది కరెక్ట్. నేను చెప్పేదల్లా చల్లదనం గురించి. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగితే ఈ బీరులో సగం దొరకదు, చల్లగా ఉన్నప్పుడు తీపీ పళ్ళ వాసనా అణిగిపోయి చేదు, పులుపు మాత్రమే ముందుకొస్తాయి, నీకు పులుపు అంతగా తెలియడానికి అదీ ఒక కారణం. బయట పెట్టి 12 డిగ్రీల దగ్గరికి రానివ్వు, వెడల్పు గ్లాసులో సగం పోసి నెమ్మదిగా తాగుతూ ఉంటే వేడెక్కేకొద్దీ ఎండుద్రాక్ష, అత్తిపండు, కాస్త లికోరైస్ (అతిమధురం) ఒక్కొక్కటే బయటికొస్తాయి. బాటిల్‌లోనే మళ్ళీ పులిసే బీరు కాబట్టి మడ్డి ఉంటుంది, తాగితే ఏమీ కాదు కానీ రుచి మొద్దుబారుతుంది, అందుకని బాటిల్‌ని ఒక రోజు నిలబెట్టి ఉంచి, చివరి వేలెడు వదిలేసి పొయ్యి.

ఇంకోటి, బిర్యానీతో మాత్రం వద్దు. మిరపకాయ మంటకి 9 శాతం ఆల్కహాలూ మాడు చేదూ కలిస్తే రెండూ పాడవుతాయి. బాగా మాగిన చీజ్ ముక్కతో తాగు, లేదా ఎక్కువ తీపి లేని చాక్లెట్ కేకు.

బ్రసెల్స్_భాస్కర్
నాకు మాత్రం ఆ పులుపు ఎక్కదండీ, ఉన్నమాట చెప్తున్నా. స్టౌట్ అంటే గుండ్రంగా, నిండుగా ఉండాలి నాకు. ఎల్లెజెల్ వైపు చేసే హెర్క్యూల్ స్టౌట్ నా టేస్టుకి దగ్గర. ఇంకా బరువు కావాలంటే డె స్ట్రూయిసె వాళ్ళ బ్లాక్ ఆల్బర్ట్, అది 13 శాతం, ఒక్కరే బాటిల్ మొత్తం తాగేది కాదు, ఇద్దరు పంచుకోవాలి.

బెల్జియంలో స్టౌట్ ఎందుకు అన్నావు కదా బ్రో, ఇక్కడివాళ్ళకి ఘాటు స్టౌట్ కొత్తేం కాదు. ఆంట్‌వర్ప్‌లో మొదలైన జాన్ మార్టిన్ అనే బీరు దిగుమతి కంపెనీ కోసం గిన్నెస్ వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా స్పెషల్ ఎక్స్‌పోర్ట్ అని 8 శాతం స్టౌట్ డబ్లిన్‌లో విడిగా చేసి పంపుతున్నారు. దాన్నీ డె డొల్లెదాన్నీ పక్కపక్కన పెట్టుకుని తాగు, ఐర్లండ్ చేతికీ ఇక్కడి ఈస్ట్‌కీ తేడా చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది.

లూవెన్‌కుర్రోడు
థాంక్స్ అన్నలూ. భాస్కరన్నా, కాచేవాడు గారు చెప్పినట్టే రెండోది బయట పెట్టి, మడ్డి రాకుండా పోసి తాగా. పులుపు పోలేదు కానీ ఈసారి విడిగా అనిపించలేదు, చాక్లెట్ జిగటని కోసేసి ఇంకో గుక్క తాగాలనిపించేలా చేస్తోంది, అది లేకపోతే ఇంత బరువు బీరు సగానికే మొహం మొత్తేదేమో. నాకైతే నచ్చింది. ఎసెన్ వెళ్ళి చూడొచ్చా?

గెంట్‌లో‌గోదారోడు
వెళ్ళొచ్చు, శని ఆదివారాల్లో టైమింగ్స్ చూసుకుని వెళ్ళు. గెంట్ నుంచి డె పన్నె వైపు ట్రైన్ ఎక్కి డిక్స్‌ముయిడెలో దిగితే అక్కణ్ణించి రెండు మూడు కిలోమీటర్లే. కారు మాత్రం వద్దు. ఒక్క 33 బాటిల్లోనే దాదాపు 30 ఎమ్మెల్ ఆల్కహాల్ ఉంటుంది, మామూలు 5 శాతం బీరుకి దగ్గర దగ్గర రెట్టింపు, ఇక్కడ లిమిట్ లీటర్ రక్తానికి 0.5 గ్రాములే. వెళ్ళేటప్పుడు చెప్పు, కుదిరితే నేనూ గెంట్‌లో ఎక్కుతా.