సిలికాన్ మీద గీతలు గీసింది కాంతా, కరిగిన సిలికానా?

రిపుల్_పిల్ల
అందరికీ నమస్తే. పీహెచ్‌డీ రెండో ఏడు. పాలిష్ చేసిన సిలికాన్ ముక్క మీద ఒకే చోట 50 లేజర్ పల్సులు కొట్టాను. ఒక్కో పల్సు 100 ఫెమ్టోసెకండ్లు (ఒక ఫెమ్టోసెకండు అంటే నానోసెకండులో పదిలక్షలో వంతు), తరంగదైర్ఘ్యం 800 నానోమీటర్లు. మైక్రోస్కోప్ కింద చూస్తే దువ్వెనతో దువ్వినట్టు గీతలు! ఎడం దాదాపు 700 నానోమీటర్లు, ఎప్పుడూ కాంతి ఊగే దిశకి, అంటే పోలరైజేషన్‌కి అడ్డంగానే. హాఫ్‌వేవ్ ప్లేట్ (ఆ దిశని తన కోణానికి రెట్టింపు తిప్పే పలక) 45 డిగ్రీలు తిప్పితే గీతలు 90 డిగ్రీలు తిరిగాయి. (ఇంగ్లిష్ పొట్టి పేరులో వీటిని ‘లిప్స్’ (LIPSS) అంటారని చెబితే మా చెల్లి ఇంకా నవ్వుతోంది.) ఇవి ఎందుకొచ్చాయన్న దాని మీద రివ్యూలో ఇద్దరు మాస్టార్లు నా ముందే వాదులాడుకున్నారు. టెన్షన్ మాత్రం నాకు. మీరేమంటారు?

పాత_ఆప్టిక్స్_బల్ల
కాంతేనమ్మా. 1965లో బిర్న్‌బామ్ రూబీ లేజర్‌తో సెమీకండక్టర్ల మీద వీటిని చూశాడు. 1983లో టొరంటోలో సైప్ బృందం లెక్క కట్టింది. ఎంత పాలిష్ చేసినా కాస్త గరుకు మిగులుతుంది. అక్కడ చెదిరిన కాంతి ఉపరితలం వెంట పాకి, పైనుంచి వచ్చే కాంతితో కలుస్తుంది. ఒకచోట వేడి ఎక్కువ, పక్కన తక్కువ. పోలరైజేషన్‌తో పాటు గీత కూడా తిరిగిందంటే ఇంకేం సాక్ష్యం కావాలి?

గోదారి_ఇసుక
మాస్టారూ, ఎండాకాలం గోదారి ఇసుక తిన్నెల మీద నడిచారా? అక్కడా గీతలే, గాలికి అడ్డంగా. గాలి మారితే గీతలూ తిరుగుతాయి. అంతమాత్రాన గీతల ఎడం గాలిలో దాగి ఉందా? ఇసుక రేణువు ఎంత దూరం గెంతుతుందో దాన్నిబట్టి వస్తుంది. అంటే దిశ బయటినుంచి వచ్చినా, ఎడం పదార్థం తనంతట తానే తేల్చుకోవచ్చు. పైగా 100 ఫెమ్టోసెకండ్లలో కాంతి వెళ్లిపోతుంది. కరిగిన సిలికాన్ గట్టిపడేది నానోసెకండ్ల లెక్కలో, అంటే పదివేల రెట్లు ఆలస్యంగా. అక్షింతలు వేసి వెళ్లిపోయినవాడే సంసారం నడిపాడంటారా?

పాత_ఆప్టిక్స్_బల్ల
అక్షింతలు కాదండీ, ముగ్గు చుక్కలు పెట్టి వెళ్లింది. గీత ఎవరు గీసినా ఆ చుక్కల మీదే.

సోల్డర్_సుబ్బడు
ఎవరు గీస్తే ఏంటన్నా, పనికొస్తోందిగా. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ బృందం వాళ్లు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువులో ఇలాగే కొట్టి వెలుగుని మింగేసే నల్ల సిలికాన్ చేశారు. మన హైదరాబాద్ యూనివర్సిటీలో ఇలాంటి ఉపరితలాలతో పేలుడు పదార్థాల జాడ కనిపెడుతున్నారు.

గోదారి_ఇసుక
పనికొస్తుంది సుబ్బడూ. కానీ ఎందుకొచ్చిందో తెలియకపోతే కావలసిన ఎడం ఎలా తెప్పిస్తావు? సరే, 800 కాంతికి 700 ఎందుకొచ్చింది? పల్సులు పెంచితే ఎడం ఇంకా తగ్గుతుంది. పల్సు పల్సుకీ లేజర్ రంగు మారుతోందా?

పాత_ఆప్టిక్స్_బల్ల
ఈ ప్రశ్న బావుంది. సిలికాన్ మామూలుగా లోహం కాదు. పల్సు తగిలినప్పుడు ఎలక్ట్రాన్లు గుంపులుగా లేచి కాసేపు లోహంలా నడుచుకుంటుంది. అప్పుడే ఉపరితలం మీద ప్లాస్మాన్ అల (కాంతితో కలిసి ఊగే ఎలక్ట్రాన్ల అల) పుడుతుంది. దాని తరంగదైర్ఘ్యం కాంతిదానికంటే కొంచెం తక్కువ. గాడి లోతు పెరిగే కొద్దీ అదీ మారుతుంది.
వాదన తెగాలంటే ముక్కని కాంతికి ఏటవాలుగా వంచండి. 30 డిగ్రీలు వంచి, పోలరైజేషన్‌ని కాంతి పడే తలంలోనే (కాంతి వచ్చే దిశా, ముక్కకి నిటారు గీతా ఉన్న తలం) ఉంచితే, కాంతి లెక్కన ఒకటికి సైన్ 30, అంటే అర, కలిపో తీసేసో తరంగదైర్ఘ్యాన్ని ఒకటిన్నరతోనో, అరతోనో భాగించాలి. 800కి సుమారుగా 533, 1600 వస్తాయి. మీ ఇసుకకి ఈ రెండు అంకెలు ఎలా తెలుస్తాయి?

గోదారి_ఇసుక
...దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ పెద్ద గీతల వరకూ ఒప్పుకుంటా. మరి మధ్యమధ్యలో రెండుగా చీలే గీతలు? అవి అచ్చం ఇసుకలో కనిపించేవే. తరంగదైర్ఘ్యంలో సగానికంటే సన్నగా వచ్చే గీతల సంగతేంటి? ఎక్కువ పల్సులు కొడితే పోలరైజేషన్ వెంటే వచ్చే మైక్రోమీటర్ల వెడల్పు గాడులు? వాటిని కరిగిన ద్రవం కదలికతోనే వివరిస్తున్నారు.

రిపుల్_పిల్ల
ఇప్పుడు ఫొటోలు మళ్లీ తీసి చూశా. నేను 700 అని కొలిచింది లేజర్ పడ్డ మచ్చ అంచు దగ్గర. మధ్యలో వెలుగు ఎక్కువ పడ్డచోట వెడల్పు గాడులే ఉన్నాయి, వాటిని అసలు పట్టించుకోలేదు. మా మాస్టార్లలో ఒకరు అంచు ఫొటో, ఇంకొకరు మధ్య ఫొటో పట్టుకుని అరుచుకున్నారన్నమాట!

పాత_ఆప్టిక్స్_బల్ల
హహ. ముక్క వంచినప్పుడు మచ్చ సాగుతుంది. 30 డిగ్రీలకి వైశాల్యం దాదాపు 15 శాతం పెరుగుతుంది కాబట్టి పల్సు శక్తీ అంతే పెంచు. లేకపోతే అంచూ మధ్యా మళ్లీ తారుమారు.

రిపుల్_పిల్ల
రెండు ముక్కలు మిగిలాయి సార్. గురువారం లేజర్ నాకిచ్చారు. 30తో మొదలెడతా.

గోదారి_ఇసుక
గీత చీలే చోట కూడా ఒక ఫొటో తియ్యమ్మా. ఒకే చోట, ప్రతి పది పల్సులకీ ఒకటి.