మేఘాలయ వేర్ల వంతెనలాంటిది మన మర్రి ఊడలతో అవుతుందా?

పోయిన నెల మేఘాలయ వెళ్ళొచ్చాం. తిర్నా నుంచి మూడు వేలకి పైగా మెట్లు దిగి నోంగ్రియాట్ ఊళ్ళో బతికున్న చెట్ల వేర్లతో అల్లిన ఆ రెండంతస్తుల వంతెన మీద నిలబడేసరికి కాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయా. మాది ఖమ్మం వైపు, ఊరి వాగు పక్కన పెద్ద మర్రి ఉంది, వానాకాలం అవతలి పొలాలకి చుట్టు తిరిగి పోవాలి. అక్కడి ఖాసీ తెగ వాళ్ళు అసలు ఎలా చేస్తారు, మనం ఊడలతో చేసుకోలేమా?

జవాబు 1
షిల్లాంగ్‌లో ఆరేళ్ళు ఉన్నానండి. వాళ్ళు జింగ్‌కియెంగ్ జ్రి అంటారు. మన కడియం నర్సరీల్లో కుండీల్లో అమ్మే రబ్బర్ ప్లాంట్ ఉంది కదా, చెట్టు అదే (కేరళ రబ్బరు తోటల్లో ఉండేది వేరే). గట్టున నాటి, పక్కకొచ్చే లేత వేర్లని వెదురు కట్టు మీదుగానో, చీల్చి తొలిచిన పోక మాను లోంచో అవతలి గట్టుకి పట్టుకెళ్తారు, అక్కడ నేలలో పాతుకున్నాక మిగతా వేర్లని అల్లుకుంటూ పోతారు, అల్లినవి కొన్నేళ్ళకి అతుక్కుపోయి ఒక్కటైపోతాయి. మనుషులు నడవడానికి 15 నుంచి 30 ఏళ్ళు పడుతుంది. చిరపుంజిలో 1860 ఆగస్టు నుంచి 1861 జూలై దాకా 26,461 మిల్లీమీటర్లు పడింది, అలాంటి వానల్లో వెదురు కుళ్ళిపోతుంది, ఇనుము తుప్పు పట్టిపోతుంది, ఇదొక్కటే ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది.

జవాబు 2
నేను ఒకటి కలుపుతా. వాళ్ళ పోక తోటలు, తమలపాకు, బిర్యానీ ఆకు చెట్లు అన్నీ లోయల్లో ఉంటాయి, వాగు పొంగినా తోటకి పోవాలి కాబట్టి కట్టుకున్నారు, మన కోసం కాదు. 2022లో ఈ వంతెనలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాక జనం బాగా పెరిగారు. వెళ్ళేవాళ్ళు దయచేసి ఊపకండి, ఫోటో కోసం గుంపుగా ఎక్కకండి, లేత వేరు తెగితే అన్నేళ్ళ పని పోయినట్టే.

జవాబు 3
బ్రదర్, మర్రి కూడా ఆ జాతిదే, ఊడలు కూడా అతుక్కుంటాయి. మా తాత ఒక ఊడ కింద వెదురు గొట్టం నిలబెట్టి, మట్టీ పేడా నింపి, రోజూ తడిపి నేల దాకా దింపాడు, ఇప్పుడది మానంత ఉంది. కాకపోతే కిందికి దింపడం వేరు, వాగు దాటించడం వేరు. మన ఎండలకి లేత కొస మాడిపోతుంది, వేసవంతా తడి ఆరకుండా చూసే మనిషి ఉండాలి. పొలాల దారికి మాత్రం కల్వర్టు అడగండి, 20 ఏళ్ళు ఆగలేరు కదా.

ప్రశ్న అడిగినవారు
థాంక్స్ అన్నా. కల్వర్టుకి అర్జీ పెడతాం, ఊడ కూడా మొదలుపెడతాం, తడపడానికి మా బాబాయి ఉన్నాడు. ఆదివారం ఊరెళ్తున్నా, ఫోటోలు పెడతా, ఏ ఊడ వాగు వైపు ఉందో చూసి చెప్పండి.